బాలునకు కన్నీరు తగునా?

మగబిడ్డ యేడ్వరాదను మాట మన గృహములలో నెంత ప్రాచీనమో చెప్పజాలము. బాలుడు తూలిపడి మోకాలు కొట్టుకొనినను, పరీక్షలో తప్పినను, కన్నతల్లిని పోగొట్టుకొనినను, "ఆడపిల్లవలె నేడ్చెదవేమి?" యను నొక్కటే మందు వేయుదుము. ఈ మాటలో రెండు దోషములు కలవు. బాలికలను కించపరచుట యొకటి. బాలునకు వాని హృదయమునే యొక నేరముగా చూపుట రెండవది. దుఃఖమును దాచుటయే ధైర్యమా? బాలురకు శీలము నేర్పబూనిన వారందఱును మొదట విచారింపవలసిన ప్రశ్న యిదియే.

ఈ విషయమున మా తప్పును మేమే చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట నొక ఉన్నత పాఠశాలవారు శీలమును గూర్చి ప్రసంగింపుడని మమ్ము పిలిచిరి. వాదించుట మా వృత్తి గనుక గంటసేపు ధారాళముగా మాటలాడితిమి. సభ ముగిసిన పిమ్మట తొమ్మిదవ తరగతి బాలుడొకడు మమ్ము సమీపించి, "అయ్యా, ధైర్యము గలవాడు ఏడ్చునాండీ?" యని యడిగెను. మేము బండి యెక్కు తొందరలో నుండి, "ఏడ్వడు నాయనా" యని వాని భుజము తట్టి వచ్చివేసితిమి. నెల దినములకు అచ్చటి ఉపాధ్యాయులొకరు వేఱొక పనిమీద మా యింటికి వచ్చి, ఆ బాలుని తండ్రి మా ప్రసంగమునకు పది దినములు ముందు మరణించెననియు, నాటినుండి వాడెవరితోను సరిగా మాటలాడుట లేదనియు చెప్పిరి. సాక్షిని ప్రశ్నించునపుడు ఒక్కొక్క మాటను పదిమారులు తూచెడి మేము, ఒక పసివాడు ప్రాణము పెట్టి యడిగిన ప్రశ్నకు విచారణ లేకయే తీర్పు చెప్పితిమి. మరల పోయి వానిని చూచి, "నాడు మేము చెప్పినది తప్పు" అని యొప్పుకొంటిమి. వాడు చాలసేపు పలుకలేదు. తరువాత మెల్లగా తండ్రిని గూర్చి చెప్పసాగెను. మేము చేసినదెల్ల వినుటయే.

న్యాయశాస్త్రము మాకు కొంత తెలిసినది గనుక దానినుండి యొక దృష్టాంతము చెప్పెదము. ఆత్మహత్యకు యత్నించి బ్రతికినవానిని 1860 నాటి భారత శిక్షాస్మృతి 309వ విభాగము దండింపదగినవానిగా నెంచెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, అట్టివాడు తీవ్రమైన మనోవ్యథలో నుండెనని భావింపవలెననియు, వానికి చికిత్సయు సంరక్షణయు కల్పించుట ప్రభుత్వ ధర్మమనియు నిర్ణయించెను. 2024 జులై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత విభాగమునకు చోటు లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలలో దేహదండననే గాక మానసిక హింసను గూడ నిషేధించెను. విశాఖపట్టణమున చదువుచుండిన యొక విద్యార్థిని మరణమునుండి పుట్టిన వ్యాజ్యమున, 2025 జులైలో సర్వోన్నత న్యాయస్థానము, నూఱుగురును అంతకెక్కువయు విద్యార్థులు గల సంస్థలు శిక్షణ పొందిన సలహాదారు నొకరినైన నియమింపవలెనని యాదేశించెను. దండించుటకే పుట్టినదని జనులు తలచెడి చట్టమే దుఃఖమును వినుట నేర్చుకొనగా, ప్రేమకు పుట్టినిల్లయిన గృహము నేర్చుకొనలేదా? 2022లో మన దేశమున ఆత్మహత్య చేసికొనినవారు 1,70,924 మంది యని ప్రభుత్వ లెక్క. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా పురుషులే. వారిలో నెందఱు "ఏడ్వకు" మను మాట విని పెరిగిరో!

"ఇట్లు లాలించినచో బాలురు మెత్తబడుదురు, శీలము చెడును" అని కొందఱు పెద్దలందురు. ఈ యాక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. కాని వినుట వేఱు, సమ్మతించుట వేఱు. కోపము వచ్చుట నేరము కాదు, కొట్టుట నేరము. భయపడుట తప్పు కాదు. భయమువలన బొంకుట తప్పు. భావమును వినవలెను, క్రియకు జవాబు చెప్పింపవలెను. ఈ రెంటిలో మొదటిది విడిచినవాడు క్రూరుడగును. రెండవది విడిచినవాడు గారాబము చేయువాడగును. మఱియు, దుఃఖము చెప్పుకొన దారి లేని బాలునకు కోపమొక్కటే భాషగా మిగులును. ఆ కోపము నేడు తనకంటె బలహీనుడైన తోటివానిమీదను, రేపు భార్యమీదను పడును. కావున స్త్రీల అభ్యుదయమును కోరువారికి బాలుని కన్నీరు పరాయి విషయము కాదు.

కాకినాడ పిఠాపురపు రాజావారి కళాశాలకు 1904 మొదలు 1919 వఱకు అధ్యక్షులైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు విద్యార్థుల శీలమును తమ బాధ్యతగా నెంచిరి. నాడు వారు పోరాడిన శత్రువులు మద్యపానమును భోగము మేళములును. నేడు వానికి ర్యాంకుల పందెమును, వసతిగృహపు టొంటరితనమును, రాత్రులు నిద్ర చెఱచు సెల్‌ఫోనును తోడైనవి. శత్రువులు మాఱినను, బాలుని పేరుపెట్టి పిలిచి పలుకరించు పెద్దవాని యవసరము మాఱలేదు.

ప్రభుత్వము కొంత చేసినది. 2020లో ఆరంభమైన పాఠశాల ఆరోగ్య పథకమున ప్రతి పాఠశాలలో నిద్దఱు ఉపాధ్యాయులకు శిక్షణ యీయవలెనని యేర్పాటు కలదు. 2022 అక్టోబరునుండి 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసి మనోవ్యథను చెప్పుకొనవచ్చును. ఐనను దూరపు గొంతుకు ఫోను చేయుటకు ముందు, చెప్పుకొనుట తప్పు కాదని బాలునకు దగ్గఱివాడొకడు నేర్పవలెను గదా! ఆ పని మనవంటివారిది. ఏటికొకసారి పూలదండలు వేయించుకొని యుపన్యసించుట చాలదు. వారమున కొక దినము, అదే వేళకు, అదే బడికి పోవలెను. పది పండ్రెండుగురు బాలురతో మొదట కబడ్డియో క్రికెట్టో యాడి, పిమ్మట చెట్టునీడను కూర్చుండవలెను. మార్కులడుగరాదు. వారు చెప్పినది బయట పెట్టరాదు. ఐతే ప్రాణాపాయము తోచినను, ఎవరైన వారి దేహమును చెఱచుచున్నట్లు తెలిసినను చెప్పక తప్పదని మొదటి దినముననే తెలుపవలెను. ఆ రెండవ దానిని తెలిసియు దాచుట 2012 నాటి చట్టము ప్రకారము నేరము కూడను. మనము వైద్యులము కాము. నిద్రాహారములు మానినవానిని, చావు మాటలాడువానిని వెంటనే వైద్యునియొద్దకు చేర్పవలెను.

చదువరులారా! వారమునకొక గంట మనకు లేకపోదు. ధైర్యము గలవాడు ఏడ్చునా యని బాలుడడిగినచో, "ఏడ్చును నాయనా; ఏడ్చి, లేచి, తన పని చేసికొనును" అని చెప్పుదము. చెప్పి, వెంటనే బండి యెక్కక, వాని ప్రక్కను కొంతసేపు కూర్చుందము.