పట్టాదారు, అనుభవదారు

మిర్యాలగూడ దగ్గర మా నాలుగెకరాలని నాన్న ఇప్పటికీ ‘తాతల నాటి పొలం’ అంటాడు. తాత కాలంలో అది మెట్ట. 1967లో సాగర్ ఎడమ కాలువకి నీళ్ళు వదిలారు. ఆ తర్వాతే వరి మడి అయింది. ఆ జలాశయంలో ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు వేరు. ఇప్పుడు దున్నేదీ వేరే మనిషే. మరి నాకు వారసత్వంగా వచ్చిందేమిటి?

పహాణీలో పట్టాదారు అని ఒక కాలమ్, అనుభవదారు అని ఇంకొకటి ఉండేవి. కాయితం ఒకరిది, కష్టం ఇంకొకరిది కావచ్చని పట్వారీ లెక్కకే తెలుసన్నమాట. 2018లో మొదలైన రైతుబంధు మాత్రం పట్టాదారుకే వచ్చింది. అంటే, నాన్న పట్టా మార్పించాక, హైదరాబాద్‌లో కోడ్ రాసుకునే నాకు. పదేళ్ళుగా ఆ మడి చేస్తున్న కౌలు రైతుకి కాదు.

1940లలో ఈ నల్గొండ పల్లెల్లోనే ‘దున్నేవాడిదే భూమి’ అన్నారు. ఆ చరిత్ర చదివినప్పుడల్లా నేను రైతుల వైపే అనుకునేవాణ్ణి. నాలుగెకరాలోడు దొరెలా అవుతాడు?

రెండు పంటలు ఆ డబ్బు ఉంచుకున్నాను. మూడోసారి ఆయనకి పంపితే సాయంత్రానికి ఫోన్: “ఏంది పటేలా, పొలం అమ్ముతున్నరా?”

నేను న్యాయం అనుకున్నది ఆయనకి బెదిరింపులా వినపడింది. ఎందుకంటే ఇచ్చినా, మానినా నా ఇష్టమే. తాతల నుంచి నాకు దక్కిన అసలు ఆస్తి ఆ ఇష్టమే. దాన్ని వదులుకోవాలంటే డబ్బు పంపితే చాలదు, కౌలు కాయితం మీద సంతకం పెట్టాలి.

అది ఇంకా పెట్టలేదు.