పటాన్‌చెరు వెలుగుల మీద అగస్త్యుడు

పాశమైలారంలో రెండో షిఫ్టు దిగి రాత్రి పదింటికి బండి తీసే కార్మికుడికి ఆకాశం పాలిపోయి కనిపిస్తుంది. ఫ్యాక్టరీల ఫ్లడ్‌లైట్లు, హైవే దీపాలు, వాటి వెనక హైదరాబాదు. పిల్లలకోడి చుక్కల్లో సగం ఆ వెలుతురులోనే మునిగిపోతాయి.

అన్నీ మునగవు. ఫిబ్రవరి మొదట్లో రాత్రి తొమ్మిదికి సంగారెడ్డిలో ఏ డాబా ఎక్కి దక్షిణానికి తిరిగినా, దిక్చక్రం మీద సుమారు 20 డిగ్రీల ఎత్తులో, అంటే చాచిన చేతి రెండు పిడికిళ్లంత ఎత్తున, అగస్త్య నక్షత్రం నిలబడి ఉంటుంది. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత అంత కాంతి దీనిదే. పాపం, లండన్‌లో ఇది ఎన్నడూ ఉదయించదు!

దీపాల బెడద పాతదే. 1914 నుంచి బేగంపేటలోని నిజామియా వేధశాల ఫొటో పలకల మీద 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచింది. నగరం పెరిగాక, 1960ల చివర, 48 అంగుళాల టెలిస్కోపును దూరంగా జపాల్-రంగాపూర్‌లో నెలకొల్పారు.

డిసెంబరు 13, 14 తేదీల్లో రాలే జెమినిడ్ ఉల్కలకు టెలిస్కోపే అక్కర్లేదు. మంజీర వైపు పొలాల్లో ఫోను జేబులో పెట్టేసి, కళ్లు చీకటికి అలవాటుపడేదాకా ఇరవై నిమిషాలు ఆగాలి. స్వెటరు మాత్రం తప్పనిసరి.