వడ్డీకి ముఖం వుంటుందా?

ప్రొద్దుటూరులో డబ్బు వూరికే కూర్చుని వుండటం ఎవరికీ నచ్చదు. బంగారు అంగళ్ల వూరు. పత్తి, నూనె వ్యాపారాల వూరు. పెళ్లి నగలకి పక్క జిల్లాల వాళ్లు కూడా వెతుక్కుంటూ వచ్చే వూరు. అక్కడి గాలిలోనే ఏదో లెక్క వుంటుంది కాబోలు, పొయ్యి దగ్గర పోపు పెడుతున్న ఇల్లాలు సైతం, "ఆ పదివేలూ వూరికే పడున్నాయే, ఎవరికన్నా తిప్పకూడదా?" అనుకుంటుంది. జమ్మలమడుగులోనూ, పులివెందులలోనూ కూడా ఈ మాటకి అర్థం చెప్పనక్కర్లేదు. తిప్పడం అంటే వడ్డీకి ఇవ్వడం.

మన ఆడవాళ్ల డబ్బుకి ఒక దారి వుంది. మొదట పోపులడబ్బా, తర్వాత బీరువాలో చీర మడతలు, ఆ తర్వాత తెలిసినవాళ్ల చేతులు. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయినప్పుడు ఎన్ని ఇళ్లల్లో ఆ మడతలు విప్పుకున్నాయో మీకు గుర్తుండే వుంటుంది. ఇంటాయనకి తెలియకుండా దాచిన నోట్లని ఆయన చేతికే ఇచ్చి, "మార్చుకు రాండి" అనవలసి వచ్చింది. ఆ దెబ్బతో చాలామంది దాచుకున్నది చీకట్లోంచి బ్యాంకు పుస్తకంలోకి వచ్చింది. వచ్చాక మళ్లీ అదే ప్రశ్న. ఎక్కడ పెట్టాలి?

ఈ మధ్య నలుగురు చేరిన చోట కొత్తమాట ఒకటి వినిపిస్తోంది. "గవర్మెంటుకే మనం అప్పు ఇయ్యొచ్చంట గదక్కా, నిజమేనా?"

నిజమే. వాటిని ట్రెజరీ బిల్లులంటారు. ట్రెజరీ అనగానే మనకి పెన్షన్ బిల్లులు వెళ్లే సబ్ ట్రెజరీ ఆఫీసు గుర్తొస్తుంది. దీనికీ దానికీ సంబంధం లేదు. ఇవి కేంద్ర ప్రభుత్వం కోసం రిజర్వు బ్యాంకు అమ్మే బిల్లులు. రాష్ట్ర ప్రభుత్వాలకి ఈ బిల్లులు లేవు. 91 రోజులు, 182 రోజులు, 364 రోజులు అని మూడు రకాలు. కనీసం పదివేలతో మొదలుపెట్టవచ్చు.

చీటీ కట్టిన ఆడవాళ్లకి దీని సంగతి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. చీటీలో అవసరం వున్న మనిషి ఏం చేస్తుంది? లక్ష రూపాయల చీటీని కొంత తగ్గించుకుని ముందే పాడుకుంటుంది. ఇప్పుడు తక్కువ తీసుకుని తర్వాత నిండు మొత్తం కడుతుంది. ఇక్కడ అలా పాడుకునేది ప్రభుత్వం. ఒక వారం ధర నూటికి 98 రూపాయల 50 పైసలు పలికిందనుకోండి. మీరు 9,850 కడతారు. 91 రోజులు గడిచాక 10,000 మీ బ్యాంకు ఖాతాలో పడతాయి. మధ్యలో వడ్డీ అని విడిగా ఏమీ రాదు. ఆ నూట యాభయ్యే వడ్డీ. ఏడాదికి లెక్క వేస్తే సుమారు ఆరు శాతం. అది ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుందని మాత్రం మరిచిపోకూడదు.

మామూలుగా బుధవారం బుధవారం వేలం జరుగుతుంది. ధర మనం చెప్పనక్కర్లేదు. పెద్ద పెద్ద బ్యాంకులూ సంస్థలూ పోటీపడితే తేలిన సగటు ధరకే మనకీ ఇస్తారు. మన బ్యాంకు ఆ సౌకర్యం కల్పిస్తే దాని ద్వారా కొనవచ్చు. లేదంటే 2021 నవంబరు 12న మొదలైన రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్ ఖాతా తెరిచి, బ్యాంకు ఖాతాలోంచి డబ్బు కట్టవచ్చు. ఆ ఖాతాకి రుసుమేమీ లేదు. గడువు తీరకముందే డబ్బు కావలసివస్తే మాత్రం బజారులో ఆ రోజు పలికిన ధరకి అమ్ముకోవాలి.

ఇంతవరకూ లెక్క. నేను చెప్పదలచుకున్నది ఈ లెక్క పక్కన నిలబడి వున్న ఇంకో లెక్క గురించి.

అదే పదివేలు రెండు రూపాయల వడ్డీకి తిప్పితే నెలకి రెండు వందలు, మూడు నెలలకి ఆరు వందలు. ట్రెజరీ బిల్లులో నూట యాభై. "ఆరువందలు వచ్చేచోట నూటయాభై తీసుకోడానికి నాకేమన్నా పిచ్చా?" అంటుంది లెక్క తెలిసిన మనిషి. సరే, ఒప్పుకుందాం. కానీ ఒక్క మాట అడగనివ్వండి. ఎక్కువ వచ్చిన ఆ నాలుగు వందల యాభై ఎవరింట్లోంచి వచ్చింది?

పులివెందుల పక్క ఏదో పల్లెలో చీనీ చెట్లు ఎండిపోతుంటే ఇంకో బోరు వేయించిన ఇంట్లోంచి వచ్చి వుంటుంది. జమ్మలమడుగు దగ్గర మగ్గం ఆడితే గానీ పూట గడవని ఇంట్లో పిల్లవాడికి జ్వరం తగిలి, ఆస్పత్రికి పరుగెత్తిన రోజున తీసుకున్నది అయి వుంటుంది. రెండు రూపాయల వడ్డీకి డబ్బు అడిగేవాళ్లలో సరదాకి అడిగేవాళ్లు తక్కువ. బ్యాంకు ఇవ్వని మనిషి, ఇచ్చేదాకా ఆగలేని మనిషి మన గుమ్మం ఎక్కుతుంది. మన లాభం ఆమె తొందరలోంచి పుట్టింది.

ఇంకొకటి కూడా పోతుంది. దానికి ఏ పద్దులోనూ చోటు లేదు. శ్రావణ శుక్రవారం నాడు పేరంటానికి వీధిలో అందరినీ పిలుస్తాం. బాకీ వున్నావిడ మాత్రం రాదు. వస్తే నలుగురిలో అడుగుతామేమోనని ఆమె భయం. రాకపోతే, "ఎగ్గొట్టే వాలకంగా వుందే" అని మన అనుమానం. ఇచ్చే ముందు "వదినా" అని పిలిచిన మనిషి, ఇచ్చిన తర్వాత పక్క సందులోంచి తిరిగి పోతుంది. లక్ష్మిని పూజించే రోజునే లక్ష్మి కారణంగా రెండిళ్ల మధ్య రాకపోకలు ఆగిపోతాయి. ఆరు వందల్లో దీనికి ఎంత కొట్టెయ్యాలో మీరే చెప్పండి.

అలాగని వడ్డీకిచ్చే ఆడవాళ్లందరూ రాక్షసులని నేననను. భర్త పోయి, లక్ష రూపాయలు చేతిలో మిగిలిన మనిషిని చూడండి. తిప్పితే నెలకి రెండు వేలు వస్తాయి. ట్రెజరీ బిల్లులో పెడితే నెలకి అయిదు వందల లెక్కన పడుతుంది. ఆ పదిహేను వందల తేడాలో ఆమె బియ్యం వుంది, మందులు వున్నాయి. కడుపు నిండినవాళ్లు ఆమెకి ధర్మం చెప్పడం చాలా తేలిక.

అయితే ఆమె మేలు కోరే ఇంకో మాట వుంది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో వడ్డీల పట్టీ ఒకటి ఇచ్చాడు. నెలకి నూటికి ఒకటింబావు ధర్మమైన వడ్డీ. వ్యాపారానికి అయిదు. అడవులు దాటి పోయేవాళ్లకి పది. సముద్రం మీద పోయేవాళ్లకి ఇరవై. ఎందుకలా? పడవ మునిగితే అసలే రాదు గనక. ఎక్కువ వడ్డీ అంటే అందులో మునిగిపోవడానికి కట్టిన ధర కూడా కలిసి వుందన్నమాట. మన మనిషి నెలనెలా అందుకునే రెండు వేలలో కొంత నిజంగా ఆదాయం కాదు. ఏదో ఒకనాడు అసలు మునిగితే పూడ్చుకోడానికి పక్కన పెట్టవలసిన సొమ్ము. పాపం, ఆమె దాన్ని కూడా బియ్యంలో వేసి వండుకుంటోంది. పడవ మునిగిన రోజున వడ్డీ లేదు, అసలు లేదు, ప్రోనోటు మాత్రం మిగులుతుంది. అయిదు వందలు తక్కువే. కానీ అది నిశ్చింతగా తినదగ్గ అయిదు వందలు.

ఈ పాఠం మన రాష్ట్రం పెద్దయెత్తున నేర్చుకుంది. అగ్రిగోల్డ్ చెల్లింపులు ఆగిపోయినప్పుడు లక్షల కుటుంబాలు వీధిన పడ్డాయి. వాళ్లలో చాలామంది రోజుకింత, నెలకింత అని కట్టిన చిన్నవాళ్లే. చివరికి 2019 నవంబరులో పదివేల లోపు కట్టినవాళ్లకి రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానాలోంచి చెల్లించింది. 2021 ఆగస్టులో ఇరవైవేల లోపు వాళ్లకి చెల్లించింది. ఖజానా కంటే ఎక్కువ ఇస్తామన్న చోటికి వెళ్లిన డబ్బు, తిరిగి ఖజానా దయ మీద ఆధారపడింది. ఆ ఖజానా నింపినది మళ్లీ మనమే.

బ్యాంకు డిపాజిట్ సంగతేమిటంటారా? మంచిదే. బ్యాంకు దెబ్బతింటే అసలూ వడ్డీ కలిపి అయిదు లక్షల దాకా బీమా వుంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. ట్రెజరీ బిల్లుకి అటువంటి హద్దు లేదు, బాకీ పడింది సాక్షాత్తూ ప్రభుత్వం గనక. అయితే ప్రభుత్వాలు ఎప్పుడూ మాట తప్పవని కూడా అనుకోవద్దు. 1998 ఆగస్టులో రష్యా ఇలాంటి బిల్లుల మీదే చేతులెత్తేసింది. మన దేశంలో అలా జరగలేదు. అంతవరకే మన ధైర్యం.

ఇక్కడ మీలో ఎవరో అడుగుతారు, నాకు తెలుసు. "పక్కింటామె అవసరం మీద సంపాదించడం పాపమైతే, ప్రభుత్వం అవసరం మీద సంపాదించడం పుణ్యమా?"

మంచి ప్రశ్న. ఈ బిల్లు పుట్టుక కూడా అంత పవిత్రమైనదేమీ కాదు. ఇంగ్లండులో వాల్టర్ బేజట్ అనే పత్రికా సంపాదకుడి సలహాతో, వర్తకుల హుండీని పోలిన కాగితాన్ని 1877లో ప్రభుత్వానికి తయారుచేశారు. మన దేశంలో 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం ఖర్చుల నడుమ, మొదటిసారి అమ్మారు. మన డబ్బు బడి కడుతుందో, ఫిరంగి కొంటుందో బిల్లు మీద రాసి వుండదు. ఆ నూట యాభై కూడా ఎవరి పన్నులోంచో వస్తుంది. సబ్బుబిళ్ల కొనుక్కున్న కూలిమనిషి కూడా అందులో ఒక చిటికెడు వేసింది. కాబట్టి ఇది మచ్చలేని డబ్బని నేను చెప్పను.

కానీ తేడా వుంది. ప్రభుత్వం నన్ను చూసి సందు మారదు. నేను దాని గుమ్మం ముందు నిలబడి కేకలు వెయ్యను. వడ్డీ నేను నిర్ణయించలేదు, దాని ప్రాణం మీదికి వచ్చిన క్షణం చూసి పెంచలేదు. నాకు దానిమీద అధికారం లేదు. అప్పులో విషం వడ్డీలో కంటే ఈ అధికారంలోనే ఎక్కువ వుందని నాకనిపిస్తుంది. మనకి బాకీ వున్న మనిషి ముందు మన గొంతు మనకి తెలియకుండానే మారుతుంది. ఆ మార్పు మన పిల్లలు వింటారు.

అయితే ఇంకో చిక్కు. మన డబ్బంతా బుధవారం బుధవారం ఢిల్లీకి పంపించి చేతులు దులుపుకుంటే, రాత్రిపూట తలుపు తట్టిన ఆ జ్వరం బిడ్డ తల్లి ఎక్కడికి పోవాలి? "అయ్యో, గవర్మెంటులో పెట్టేసినానమ్మా" అనడం కూడా ఒక రకం తలుపు వేసుకోవడమే. దగ్గరి మనిషిని తప్పించుకోడానికి దూరపు ప్రభుత్వం వెనక దాక్కుంటే అది ధర్మం కాదు, తెలివి మాత్రమే.

దీనికి జవాబు మన భాషలోనే వుంది. అప్పు అని ఒక మాట, చేబదులు అని ఇంకో మాట. చేబదులుకి వడ్డీ లేదు, నోటు లేదు. ఈ చేతినుంచి ఆ చేతికి, వీలైనప్పుడు ఆ చేతినుంచి ఈ చేతికి. రాకపోయినా మనం కుంగిపోనంత మొత్తమే ఇవ్వాలి, ఇచ్చాక మరిచిపోగలిగి వుండాలి. పెద్ద అవసరాలకి పొదుపు సంఘాలున్నాయి. అక్కడ వడ్డీ వున్నా అది కట్టినవాళ్ల సంఘానికే చేరుతుంది, ఈరోజు ఇచ్చినామె రేపు తీసుకునేది అవుతుంది. వడ్డీ కావలసిన డబ్బుని ముఖం లేని చోట పెట్టుకుందాం. ముఖం కనిపించే చోట వడ్డీ అడగకుండా వుందాం. ఈ రెండింటినీ కలిపినప్పుడే వదిన బాకీదారు అవుతుంది.

91 రోజుల బిల్లులో నాకు నచ్చిన గుణం కూడా దీనికి సంబంధించినదే. స్థలం కొంటే డబ్బు నేలలో ఇంకిపోతుంది. గొలుసు చేయిస్తే మెడకి అంటుకుపోతుంది. ఈ బిల్లు మాత్రం మూడు నెలలు తిరిగేసరికి మళ్లీ డబ్బయి ఖాతాలోకి వచ్చి కూర్చుంటుంది. మళ్లీ మళ్లీ కొనే ఏర్పాట్లు వున్నాయి, నిజమే. కానీ ఒక్కపూట దాన్ని ఆగనివ్వండి. పెరిగిన ఆ నూట యాభైని విడిగా ఒక డబ్బాలో వేయండి. ఏడాదికి అయిదారు వందలవుతుంది. దాచుకున్నది కాస్త ఎక్కువున్నవాళ్లకి అదే వేలవుతుంది. చేబదులు అడిగే చెయ్యి వచ్చిన రోజున ఆ డబ్బా తెరవవచ్చు. అడిగినామెని కూర్చోబెట్టి, కాస్త కాఫీ ఇచ్చి, "ఎప్పుడిస్తావమ్మా?" అని అడగకుండా పంపించవచ్చు.