సీటు పోయింది

2025 డిసెంబరులో ఒక సాయంత్రం. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. హాల్లో మావాడు ఫోనులో ఎవరితోనో, "పాపం, వాడి సీటు పోయిందిరా!" అంటున్నాడు. నా చేతిలో కత్తి ఆగిపోయింది. మన ఇళ్ళల్లో సీటు పోవడమంటే మాటలా? ఏ పిల్లాడి ఇంజనీరింగు సీటు పోయిందో, వాళ్ళమ్మ ఎంత కుమిలిపోతోందోనని చేతులు తుడుచుకుంటూ హాల్లోకి పరుగెత్తాను.

తీరా చూస్తే పోయింది కారు పందాల్లో సీటట! పోగొట్టుకున్నవాడు యూకీ సునోడా అనే జపాను కుర్రాడు. "ఓస్, ఇంతేనా!" అనుకుంటూ మళ్ళీ వంటింట్లోకి వచ్చేశాను. కానీ చెప్పొద్దూ, ఆ 'పాపం' అన్న మాట మాత్రం నాతోపాటే వచ్చింది.

మావాడి పుణ్యమా అని ఫార్ములా వన్ పందాల గురించి నాకూ కాస్తో కూస్తో తెలుసు. 2025 దాకా మొత్తం ప్రపంచానికి ఉన్న సీట్లు 20. మరుసటి ఏడు పదకొండో జట్టు చేరడంతో 22 అయ్యాయి. ఒక్కో జట్టుకి రెండు కార్లు, ఇద్దరు డ్రైవర్లు. వేరే జట్టువాడి చేతిలో ఓడిపోతే, 'వాడి కారు మంచిది' అని సర్దిచెప్పుకోవచ్చు. పక్కనున్న తన జట్టువాడిదీ అదే కారు. వాడికంటే వెనకబడితే ఇక చెప్పుకోవడానికేం ఉంటుంది?

ఇదంతా వాడు వివరిస్తూంటే నాకు నవ్వొచ్చింది. ఈ బంధం మన ఇళ్ళల్లో ఎప్పట్నుంచో ఉన్నదే కదా! తోడికోడళ్ళు. అదే వంటిల్లు, అదే పొయ్యి, అదే కందిపప్పు. "పెద్దది చారు పెడితే వీధంతా ఘుమఘుమలాడుతుంది, నీదేమిటే ఇలా ఉంది?" అని అత్తగారు అడిగితే చిన్నకోడలు ఏం చెబుతుంది? ఆ పోపుల డబ్బా పెట్టిన చోటూ, ఆ గిన్నెల వరసా అన్నీ పదేళ్ళుగా పెద్దకోడలి చేతివాటానికి అమరినవన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

రెడ్ బుల్ జట్టులో జరిగింది ఇదేనంటారు. అక్కడ పెద్దకోడలు మాక్స్ వెర్‌స్టాపెన్. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగేళ్ళు ప్రపంచ విజేత. కారు ముక్కు చురుగ్గా మలుపు తిరగాలి, వెనక భాగం కాస్త జారినా ఆయనకి బెంగ లేదు. ఆ పొందిక పక్కవాళ్ళ చేతికి లొంగదు. 2019లో పియర్ గాస్లీ అనే ఫ్రెంచి కుర్రాడికి 12 పందాలు కాగానే ఉద్వాసన చెప్పి, తమదే అయిన చిన్న జట్టుకి పంపేశారు. అతని చోటికి వచ్చిన అలెక్స్ ఆల్బన్ 2020 చివరిదాకా ఉన్నాడు. 2025లో లియామ్ లాసన్‌కి దక్కినవి రెండే రెండు పందాలు! మూడో పందానికి ఆ సీట్లో సునోడా కూర్చున్నాడు, అదీ తన సొంతదేశం జపానులో. ఏడాది తిరక్కుండానే అతనూ పోయాడు.

"రెండు పందాలకే మనిషిని కొలిచేస్తారట్రా?" అన్నాను, కొడుకు ముందు కోపంగానే.

"అది ధర్మసత్రం కాదమ్మా. పాయింట్లని బట్టే జట్టుకి డబ్బులొస్తాయి. వందలమంది రాత్రింబవళ్ళు కూర్చుని కారు తయారుచేస్తే, దాన్ని ఆఖర్న నడిపేవాణ్ణి ఎందుకుంచుకోవాలి?"

వాడి మాటలో అబద్ధమేముంది? నేనూ ఒకసారి అదే పని చేశాను.

మా అపార్టుమెంటులో ఉగాదికి ఆడవాళ్ళందరం కలిసి నాటిక వేశాం. నవలలు రాసే మనిషినని దర్శకత్వం నాకు అంటగట్టారు. మూడో అంతస్తు ఆవిడ అత్తగారి వేషం వేసింది. ఎన్ని రిహార్సల్సు చేసినా సంభాషణ మధ్యలో ఆగిపోయేది. ఇంకా నాలుగు రోజులుందనగా ఆ వేషం వేరొకావిడకిచ్చాను. తీసెయ్యడం తప్పని ఇప్పటికీ అనుకోను. మిగతా ఏడుగురి శ్రమ ఉంది కదా! నాటిక బాగానే రక్తికట్టింది కూడా.

కాని, ఆ మాట ఆవిడతో నేను చెప్పలేదు. ఎవరో ఒకరు చెబుతారులే అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. మర్నాడు ఆవిడ కాగితాలు పట్టుకుని వచ్చేసరికి తన చోట ఇంకొకరు నిలబడి తన మాటలే చెబుతున్నారు. "ఫర్వాలేదులెండి," అని నవ్వి, అందరికీ టీ పోసిచ్చి వెళ్ళిపోయింది. ఆ తర్వాత లిఫ్టులో కనబడితే ఇద్దరం అంకెల వంక చూస్తూ నిలబడడమే.

2024 సెప్టెంబరులో సింగపూర్ పందెం చూస్తున్నప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది. డేనియల్ రికియార్డో అనే ఆస్ట్రేలియా ఆయన, 8 పందాలు గెలిచినవాడు, ఆ రోజు ఆఖరున వచ్చాడు. ఇదే అతని చివరి పందెమని అందరూ గుసగుసలాడుకుంటున్నారు. ప్రకటన మాత్రం లేదు. పందెం అయ్యాక అతను వెంటనే దిగకుండా కారులోనే కాసేపు కూర్చుండిపోయాడు. ప్రకటన నాలుగు రోజుల తర్వాత వచ్చింది.

ఆయన సీటు ఎవరికిచ్చారనుకున్నారు? పైన చెప్పిన లాసన్‌కే. ఇంకో విచిత్రం వినండి. కోయంబత్తూరు వాడైన మన నరేన్ కార్తికేయన్ 2011లో హిస్పానియా జట్టుకి నడిపేవాడు. సగం ఏడాది గడవకముందే అతన్ని తప్పించి ఆ సీటు ఒక కొత్త కుర్రాడికిచ్చారు. ఆ కుర్రాడే ఈ రికియార్డో! ఇందులో ఎవరు ఎవరికి అన్యాయం చేసినట్టు? అందరూ ఎవరో ఒకరు లేచిన చోట కూర్చున్నవాళ్ళే. నాటికలో ఆ వేషం వేసినావిడతో మూడో అంతస్తు ఆవిడ ఏ రోజూ ముభావంగా లేదు. మాటలు ఆగింది నాతోనే.

ఇంతవరకూ ఆలోచించి, ఈ వ్యాసాన్ని హాయిగా ముగించుకుందామనుకున్నాను. ఎందుకంటే పోయిన సీటుకి తియ్యని ముగింపులు లేకపోలేదు. గాస్లీని పనికిరాడని పంపేశారా? మరుసటి ఏడు, 2020లో, ఆ చిన్న జట్టు కారుతోనే ఇటలీలో మోంజా పందెం గెలిచాడు. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు మావాడి పోరు పడలేక నేనూ వెళ్ళాను. చప్పుడు లేని కరెంటు కార్లు. ఆ రోజు గెలిచిన ఝాన్ ఎరిక్ వెర్న్ 2014 చివర్లో ఫార్ములా వన్ సీటు పోగొట్టుకున్నవాడే. తర్వాత ఫార్ములా ఈలో రెండుసార్లు విజేత అయ్యాడు. 'చూశారా, ప్రతిభ ఉంటే ఎక్కడైనా రాణిస్తారు' అని రాసి కలం మూసేయొచ్చు.

కానీ అలా రాస్తే నేనూ ఆ అత్తగారి గజంబద్దతోనే కొలిచినట్టు కాదూ? తర్వాత గెలిచారు కాబట్టి వాళ్ళు విలువైనవాళ్ళే అంటే, గెలవనివాళ్ళ మాటేమిటి?

లోగన్ సార్జంట్ అని ఒక అమెరికా కుర్రాడు. విలియమ్స్ జట్టుకి 36 పందాల్లో దక్కించింది ఒకే ఒక్క పాయింటు. 2024లో ఆస్ట్రేలియాలో, సాధన పరుగులో పక్కవాడు తన కారు గోడకి కొట్టాడు. జట్టు దగ్గర ఇంకో కారు లేదు. అప్పుడు ఏ తప్పూ చెయ్యని సార్జంట్ కారు తీసి ఆ పక్కవాడికిచ్చారు, పాయింట్లు తెచ్చేది అతనేనని. ఆ పక్కవాడు ఎవరో కాదు, ఒకప్పుడు సీటు పోయి ఏడాదిపాటు ఫార్ములా వన్ పందాలకి దూరమైన ఆల్బనే! అయిదు నెలల తర్వాత సార్జంట్ సీటు కూడా పోయింది. మోంజాలాంటి రోజు అతనికి రాలేదు. అతని గురించి ఏం రాయను?

రాయడానికేమీ లేదు. చెయ్యాల్సింది మాత్రం ఒకటుందనిపించింది. పందెంలో నెగ్గనివాడికి మనం సీటు బాకీ లేకపోవచ్చు. ఎదురుగా నిలబడి నిజం చెప్పడం మాత్రం బాకీయే.

ఆ సాయంత్రమే మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళ్ళాను. ఆవిడ తలుపు తీసి, ఆశ్చర్యపోయి, లోపలికి రమ్మంది. నాటిక సంగతి ఎత్తి, "ఆ రోజు మీకు నేనే చెప్పాల్సిందండీ. చెప్పే ధైర్యం లేకపోయింది," అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

"ఆ వేషం నాకు కుదరడంలేదని నాకూ తెలుసండీ. మీరే వచ్చి చెబుతారని ఆ రాత్రి పది దాకా తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను," అంది.

తర్వాత ఇద్దరం కాఫీ తాగాం. అప్పుడు కూడా "ఫర్వాలేదులెండి" అంటుందేమోనని చూశాను. అనలేదు. నాకు అదే నయమనిపించింది.