ఎఱుక లేని ఉపకారము

కడప జిల్లాలో జమ్మలమడుగునకు సమీపమున, పెన్న యొడ్డుననున్న దానవులపాడు ఒకనాడు జైనక్షేత్రము. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ ఇంద్రుడు పదవ శతాబ్ది తొలిపాదమున తీర్థంకరుడైన శాంతినాథుని అభిషేకమునకై చేయించిన పీఠము అక్కడ బయల్పడినది. శ్రీవిజయుడను దండనాయకుడు ఎన్నియో యుద్ధములు గెలిచి, తుదకు సన్న్యసనవ్రతమున దేహమును విడిచెనని అక్కడి శాసనము చెప్పుచున్నది. ఆ మతమువారు జీవులను ఇంద్రియసంఖ్యనుబట్టి విభజించిరి: మొక్కకు స్పర్శ యొక్కటియే, చీమకు రుచియు ఘ్రాణమును గూడ మూడు, సీతాకోకచిలుకకు దృష్టితో నాలుగు. జీవులు ఒండొంటికి ఉపకరించుచుండునని జైనాచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున చెప్పినాడు. ఒకదానినొకటి తిని బ్రదుకు లోకమున ఈ మాట ఎట్లు పొసగునని సంశయించువారు ఆ సీమ బీళ్లలోనికి ఒకసారి వంగి చూడవలెను.

ఏటికి 670 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వానపడు పొరుగు కర్నూలు గరుసునేలలలో, తంగేడు పొదల నడుమ, గ్రాస్ జ్యుయెల్ అని ఆంగ్లేయులు పేరిడిన సీతాకోకచిలుక యొకటి కలదు. రెక్కలు విప్పినను సుమారు రెండు సెంటీమీటర్లు, తరచు అంతకును తక్కువ. భారతదేశపు సీతాకోకచిలుకలలో అత్యల్పమైన వానిలో నిది యొకటి. నేలకు జానెడెత్తున ఎగిరి, గడ్డిచామంతి పూవుపై వ్రాలి రెక్కలు మూసినప్పుడు మాత్రమే, వెనుక రెక్క అంచున నారింజవన్నె నడుమ ఆకుపచ్చని మెఱుపు చిలుకు నల్లచుక్కలు కానవచ్చును. నేలబారు నీలిజాతి మొక్కలపై గ్రుడ్లు పెట్టును. పచ్చని పురుగు ఆ యాకులనే తిని పెరుగును. పురుగు వీపున, ఉదరపు ఏడవ ఖండమున, తీయని ద్రవమును స్రవించు గ్రంథి కలదు; చీమలు దానిని గ్రోలుచు, పురుగును శత్రువులనుండి కాచుచుండును. ఏకేంద్రియమైన మొక్కయు, త్రీంద్రియమైన చీమయు, చతురింద్రియము కాబోవు పురుగును ఒక్క కొమ్మపై గూడియున్నవి.

ఇది ఉపకారమా, బేరమా? పురుగు ప్రాణభయమున ఇచ్చుచున్నది, చీమ తీపికి ఆశపడి కాచుచున్నది, సంకల్పము లేనిచోట ధర్మమెక్కడిదని పూర్వపక్షి యనును. ఈ యాక్షేపణ బలమైనదే. కాని ఉమాస్వాతి ఆ మాట చెప్పిన ఘట్టము నరయవలెను: అదే యధ్యాయమున ఆకాశము సమస్తమునకు చోటిచ్చుటను గూడ ఆయన ఉపకారమనియే పేర్కొనినాడు. ఆకాశమునకు దయ యెక్కడిది, సంకల్ప మెక్కడిది? కావున ఉపకారమునకు ఎఱుక యావశ్యకము కాదు. ఒకదాని యునికి మఱియొకదాని యునికికి ఆధారమగుటయే చాలును. చీమ చేయునది పుణ్యమని నేననను. అది లోకస్థితి. పుణ్యపాపముల ప్రశ్న ఆ స్థితిని తెలిసికొనగలవాడు వచ్చినపుడే పుట్టుచున్నది.

ఆ తెలిసినవాడు మనుష్యుడు. పందొమ్మిదవ శతాబ్దమున కడప జిల్లా నీలిమందునకు ప్రసిద్ధి. 1897లో జర్మనీ కృత్రిమనీలి బజారునకు వచ్చిన పిదప ఆ సేద్యము క్రమముగా నశించినది. నీలి మనకు అక్కఱలేకపోయినది గాని పురుగునకు అక్కఱ తీరలేదు. గడ్డినేల కథయు నట్టిదే: బట్టమేకపిట్ట కొఱకు 1988లో కర్నూలు సీమలోని రోళ్లపాడున 614 హెక్టార్ల గడ్డినేలను అభయారణ్యముగా ప్రకటించిరి. చుట్టును కాలువనీరు వచ్చి, మెట్టపైరులు మాఱి, నేడా పిట్ట కంటబడుటయే గగనమైనది. గడ్డినేలను పనికిరాని బీడుగా లెక్కవ్రాయు అలవాటు మాత్రము నేటికిని మాఱలేదు. తెలిసియు చేసిన యీ లెక్కను నేను హింస యనియే యందును.

సేద్యము మానుమని రైతును కోరుట అన్యాయము. అతని కడుపును జీవమే. కాని గట్లపై నేల నంటి పెరుగు నీలిమొక్కలు పైరు కడుపు కొట్టవు. కర్నూలు, కడప రైతుసోదరులారా, ఆ గట్లపై కలుపుమందు చల్లకుడు, ఎండకాలమున బీళ్లకు నిప్పు పెట్టకుడు.