వార్త తలుపు తట్టినప్పుడు

 

మదీనా నగరానికి ఎగువన అవాలీ అనే ప్రాంతం ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) అక్కడ నివసించేవారు. పొరుగున ఒక అన్సారీ సోదరుడు ఉండేవారు. ఇద్దరూ వంతులు వేసుకున్నారు. ఒకరోజు ఆయన దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వెళ్ళి, ఆనాడు అవతరించిన వహీని, ఊళ్ళో విశేషాలను తెచ్చి ఉమర్ (రజి)కు వినిపించేవారు. మరునాడు ఉమర్ (రజి) వెళ్ళి వచ్చి ఆయనకు వినిపించేవారు. ఆ ఇళ్ళకు వార్తలు వచ్చే మార్గం అదే.

అవి గస్సాన్ తెగవారు దండెత్తి రాబోతున్నారని జనం భయపడుతున్న రోజులు. ఒక రాత్రి ఆ అన్సారీ సోదరుడు వచ్చి ఉమర్ (రజి) తలుపు దబదబా బాదారు. ఉమర్ (రజి) కంగారుగా బయటికి వచ్చి, “ఏమైంది? గస్సాన్ వాళ్ళు వచ్చేశారా?” అని అడిగారు. అంతకంటే పెద్ద ముప్పే వచ్చిందని, దైవప్రవక్త (సఅసం) తన సతీమణులందరికీ తలాఖ్ ఇచ్చేశారని ఆయన చెప్పారు.

ఉమర్ (రజి) గారి కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి) కూడా ఆ పుణ్యసతులలో ఒకరు. ఒక తండ్రికి రాత్రివేళ చేరిన ఇంటి వార్త ఇది! ఆయన ఏం చేశారో సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలు వివరంగా తెలిపాయి. తెల్లవారుజామున బయలుదేరి ఫజ్ర్ నమాజు మస్జిదులో చేశారు. కుమార్తె దగ్గరికి వెళ్తే ఆమె ఏడుస్తూ కనిపించారు. “తలాఖ్ ఇచ్చారా?” అని అడిగితే, “నాకు తెలియదు, ఆయన ఆ పైగదిలో ఒంటరిగా ఉన్నారు” అన్నారు. మస్జిదులో మింబర్ దగ్గర కూడా కొందరు కూర్చుని కన్నీరు పెట్టుకుంటున్నారు. ఊరంతా నమ్మేసింది, సొంత కూతురు ఏడుస్తోంది. ఇంకా ఏం రుజువు కావాలి అని మనమైతే అనుకుంటాం. ఉమర్ (రజి) అలా అనుకోలేదు. పైగదిలోకి అనుమతి అడిగారు, రాలేదు. మళ్ళీ అడిగారు, రాలేదు. మూడోసారికి అనుమతి లభించింది. దైవప్రవక్త (సఅసం) ఒట్టి చాపపై పడుకుని ఉన్నారు, ప్రక్క మీద చాప అచ్చులు పడి ఉన్నాయి. ఉమర్ (రజి) కూర్చోనైనా కూర్చోకుండా, నిలబడే అడిగారు: “దైవప్రవక్తా! మీరు మీ సతీమణులకు తలాఖ్ ఇచ్చారా?” ఆయన తలెత్తి చూసి, లేదన్నారు.

అసలు జరిగిందేమిటంటే, దైవప్రవక్త (సఅసం) ఒక నెలపాటు భార్యలకు దూరంగా ఉంటానని ప్రమాణం చేశారు. ఆ నెల 29 రోజులకే పూర్తయింది, ఆయన తిరిగి వారి వద్దకు వెళ్ళారు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. వార్త తెచ్చిన అన్సారీ సోదరుడు అబద్ధాలకోరు కాదు. ఆయన సహాబీ, నమ్మకమైన పొరుగువాడు. అవిశ్వసనీయుడు ఏదైనా వార్త తెస్తే విచారించుకోవాలని సూరా హుజురాత్ 6వ ఆయతు ఆదేశిస్తుందని మనందరికీ తెలుసు. అందువల్ల చెప్పినవాడు మంచివాడైతే చాలు, విచారణ అక్కరలేదని చాలామంది అనుకుంటారు. కాని మంచివాళ్ళు కూడా పొరబడతారు. దైవప్రవక్త (సఅసం) ఇంటికి వెళ్ళకుండా వేరుగా ఉండటం జనం కళ్ళతో చూసిన సంగతి, అది నిజమే. “కాబట్టి తలాఖ్ ఇచ్చి ఉంటారు” అన్నది వాళ్ళు దానికి తగిలించుకున్న అర్థం. నోళ్ళు మారేసరికి “ఉంటారు” అన్నది రాలిపోయి “ఇచ్చేశారు” మిగిలింది.

తెలుసుకున్న తరువాత ఉమర్ (రజి) తన కూతురి సంసారం బాగుందని సంతోషించి ఇంటికి వెళ్ళిపోలేదు. మస్జిదు తలుపు దగ్గర నిలబడి, తలాఖ్ ఇవ్వలేదని బిగ్గరగా ప్రకటించారు. సూరా నిసా 83వ ఆయతు ఈ సందర్భంలో అవతరించిందని సహీహ్ ముస్లిం ఉల్లేఖనంలో ఉంది. శాంతికి సంబంధించినదైనా భయానికి సంబంధించినదైనా ఏ కబురు వచ్చినా వెంటనే చాటింపు వేసేవారిని అల్లాహ్ అందులో మందలించాడు. దాన్ని ప్రవక్త దగ్గరికి, బాధ్యత గలవారి దగ్గరికి తీసుకువెళ్ళి ఉంటే, అసలు విషయం వెలికితీయగలవారు వెలికితీసేవారని తెలిపాడు. ఆ వెలికితీయటానికి వాడిన మాట ‘ఇస్తింబాత్’. బావి త్రవ్వినప్పుడు మొట్టమొదట ఊరే నీటిని అరబ్బులు ‘నబత్’ అంటారు, ఈ మాట అక్కడి నుండే వచ్చింది. త్రవ్వాలి. చెమటోడ్చాలి. ఉమర్ (రజి) మూడుసార్లు అనుమతి అడిగింది అందుకే.

ఈ సంగతి మదరసాలో చదువుకునే రోజుల్లోనే నేను చదివాను. ఎన్నోసార్లు జుమా ప్రసంగాల్లో చెప్పాను. అయినా నా వంతు వచ్చినప్పుడు నేను ఏం చేశానో మీకు చెప్పుకోవాలి.

మా వైపు చాలా ఇళ్ళలో ఒకరైనా కువైట్‌లో పనిచేస్తుంటారు. మా మొహల్లాలో ఒక అమ్మాయికి మంగ్నీ అయింది. ఆమె మేనమామ కువైట్ నుండి సెలవు మీద వచ్చాడు. పరీక్ష ఉందంటే మోటారు సైకిల్ మీద ఎక్కించుకుని సెంటర్‌కు తీసుకువెళ్ళాడు. అతని తలకు హెల్మెట్ ఉంది, ముఖం కనబడదు. దారిలో ఎవరో వెనుక నుండి ఫోటో తీశారు. సాయంత్రానికల్లా ఆ ఫోటో మొహల్లా వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. క్రింద ఒకే ఒక్క వాక్యం: మన ఆడపిల్లలు ఎటు పోతున్నారో చూడండి అని. పేరు లేదు. కాని ఆమె బురఖా, చేతిలో సంచి చూసి గుర్తుపట్టేవారు గుర్తుపట్టారు. రాత్రికి అది వరుడి ఇంటికి చేరింది. మర్నాడు వాళ్ళు మంగ్నీ ఉంగరం తిప్పి పంపారు.

ఆ ఫోటో నాకూ వచ్చింది. నేను చూశాను. ఎవరికీ పంపలేదు. “అస్తగ్‌ఫిరుల్లాహ్” అనుకుని ఫోన్ ప్రక్కన పెట్టేశాను. నేను పాపం చేయలేదు కదా అనుకుని హాయిగా నిద్రపోయాను. ఆ పిల్ల తండ్రి మా మస్జిదులో మొదటి సఫ్‌లో నిలబడే మనిషి. ఆయనను పిలిచి ఒక్క మాట అడిగి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది. మేనమామ మహ్రమ్ అని చెప్పటానికి పెద్ద ఫత్వా ఏమీ అక్కరలేదు.

నాలుగు రోజులకు అసలు సంగతి బయటపడింది. ఆ అమ్మాయి తల్లి మా ఇంటికి వచ్చి నా భార్యను అడిగిందట, “ఆపా, ఆ ఫోటో మౌలానా సాబ్ ఫోన్‌కి కూడా వచ్చిందా?” అని. నా భార్య నా దగ్గరికి వచ్చి, “వచ్చిందా అండీ?” అంది. వచ్చిందన్నాను. “మరి ఎవరినీ అడగలేదా?” అంది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఫోన్లు వచ్చి ఇలా అయిందని కొందరంటారు. పూర్తిగా అలా అనలేం. నా చిన్నతనంలో మా దాదీ ఖుర్ఆన్ జుజ్‌దాన్‌లో ఒక జిరాక్స్ కాగితం ఉండేది. మస్జిదె నబవీ సంరక్షకుడు షేఖ్ అహ్మద్ అనే ఆయనకు కల వచ్చిందని, దీన్ని నకళ్ళు తీసి పంచినవారికి లాభం, నిర్లక్ష్యం చేసినవారికి నష్టమని అందులో ఉండేది. సౌదీ అరేబియా ముఫ్తీగా పనిచేసిన షేఖ్ అబ్దుల్ అజీజ్ బిన్ బాజ్ అది కట్టుకథ అని ప్రత్యేకంగా వ్రాసి ఖండించారు. ఆ ఖండన మా దాదీకి చేరలేదు, కాగితం మాత్రం చేరింది. ఆమె తన డబ్బు పెట్టి నకళ్ళు తీయించింది. భయంతోనే అయినా, పుణ్యమనుకునే చేసింది. ఇప్పుడు డబ్బూ ఖర్చు కాదు, బజారుకు నడిచే పనీ లేదు. అందుకే ఆలోచించుకునే వ్యవధి కూడా పోయింది.

ఆ వ్యవధి పోతే ఏమవుతుందో 2018లో మన దేశం చూసింది. కరాచీలో పిల్లల భద్రత గురించి జనాన్ని మేల్కొలపటానికి ఒక వీడియో తీశారు. వీధిలో ఆడుకుంటున్న పిల్లల దగ్గరికి మోటారు సైకిల్ మీద ఇద్దరు వస్తారు, ఒక పిల్లవాడిని ఎత్తుకుపోతారు. కొద్దిసేపటికే తిరిగి వచ్చి పిల్లవాడిని దించేసి, పిల్లల విషయంలో జాగ్రత్తగా ఉండండని హెచ్చరించే బోర్డు చూపుతారు. ఎవరో ఆ చివరి భాగం కత్తిరించేశారు. మిగిలిన ముక్క “పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయి” అనే మాటతో మన ఊళ్ళ ఫోన్లలో తిరిగింది. ఇక్కడా చూసిన బొమ్మ నిజమే, తగిలించిన అర్థం అబద్ధం. పంపినవారిలో ఎక్కువమంది తల్లులూ తండ్రులే అయి ఉంటారు. పిల్లల మీద ప్రేమతోనే పంపి ఉంటారు.

ఆ యేడు మే 26 రాత్రి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, మహబూబ్‌నగర్ వైపు నుండి వచ్చి బిచ్చమెత్తుకుంటున్న హిజ్రాలపై పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళన్న అనుమానంతో గుంపు విరుచుకుపడింది. వారిలో ఒకరు చనిపోయారు. అది రమజాన్ మాసం, సోదరులారా! పాతబస్తీలో తరావీహ్ జరిగే రాత్రుల్లో ఒకటి. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడాలో, ఊరూరూ తిరిగి యాచించే సంచార జాతివారు ఐదుగురిని ఇదే అనుమానంతో కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి లేదా ఐదు గ్రూపులకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. చాలాసార్లు చేతులు మారి వచ్చిన సందేశమైతే ఒకసారికి ఒక్కచోటికే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో ఇంకా బిగించింది. మంచిదే. కాని విన్నదంతా చెప్పుకు తిరగటమే మనిషి అబద్ధాలకోరు అనిపించుకోవటానికి చాలునని మన ప్రవక్త (సఅసం) ఏనాడో సెలవిచ్చారు. ఆయన ఐదుగురి దాకా అనుమతించలేదు.

ఇక ఆడవారి శీలం మీద పడే మాట సంగతి వేరు. సూరా నూర్‌లో దాని శిక్ష చూడండి. నలుగురు సాక్షులను తేలేకుండా శీలవతిపై అపనింద వేసినవాడికి ఎనభై కొరడా దెబ్బలు. ఆ పైన వాడి సాక్ష్యం ఇక స్వీకరించరాదన్నారు. హెల్మెట్ పెట్టుకున్న మనిషి వీపు కనిపించే ఫోటో ఆ నలుగురిలో ఎన్నో సాక్షి?

అదే సూరా విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి)పై పడిన అపనింద గురించి మాట్లాడుతుంది. బనీ ముస్తలిఖ్ దండయాత్ర నుండి తిరిగి వస్తూ, పోయిన హారం వెతుక్కోవటానికి వెళ్ళి ఆమె వెనుకబడిపోయారు. హజ్రత్ సఫ్వాన్ (రజి) ఆమెను ఒంటెపై కూర్చోబెట్టి, తాను పగ్గం పట్టుకుని నడుస్తూ తీసుకువచ్చారు. కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబై దానికి అర్థం తగిలించాడు. దాదాపు నెల రోజులు మదీనాలో ఆ మాట తిరిగింది. అందరికంటే ఆఖరున తెలిసింది ఆయిషా (రజి)కే.

ఆ ఆయతుల్లో అల్లాహ్ తప్పుపట్టింది నింద పుట్టించినవారిని మాత్రమే కాదు. విన్నవెంటనే విశ్వాసులైన పురుషులూ స్త్రీలూ తమవారి గురించి మంచినే ఎందుకు భావించలేదని, ఇది మనం పలకదగిన మాట కాదు, ఇది పచ్చి అపనింద అని ఎందుకు అనలేదని నిలదీశాడు. చదవటం వేరు, తగలటం వేరు. ఆ రాత్రి ఖుర్ఆన్ తెరిచి ఈ ఆయతులు చదివితే అవి నాకే తగిలాయి. నేను ఎవరికీ పంపలేదు, నిజమే. కాని నోరు తెరిచి “ఇది అపనింద” అని ఎక్కడ అన్నాను?

అన్నవారు ఆనాడు ఉన్నారు. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) గారి భార్య ఇంట్లో ఈ మాట ఎత్తారు. ఆయన విన్నానన్నారు, అది అబద్ధమన్నారు. తిరిగి ఆమెనే అడిగారు, “నువ్వైతే అలాంటి పని చేస్తావా?” అని. ఎన్నటికీ చేయనని ఆమె అంటే, ఆయిషా (రజి) నీకంటే ఉత్తమురాలు కదా అన్నారు. అంతే. ఆ ఇంట్లో ఆ వార్త అక్కడ ఆగిపోయింది. హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) ఆయిషా (రజి)కు సవతి. పుణ్యసతులలో ఆమెతో సరితూగ గలిగింది తానే. జైనబ్ (రజి) సోదరి హమ్నా ఆమె తరఫున అనుకుని ఆ నిందలో కొట్టుకుపోయారు. అయినా దైవప్రవక్త (సఅసం) అడిగినప్పుడు, చూడనిది చూశాననీ విననిది విన్నాననీ అననని, ఆయిషా గురించి మంచి తప్ప తనకేమీ తెలియదని జైనబ్ (రజి) చెప్పారు. సవతి నోటి నుండి వచ్చిన ఈ సాక్ష్యాన్ని స్వయంగా ఆయిషా (రజి)యే తరువాతివారికి వినిపించారు.

ఆ శుక్రవారం అమ్మాయి తండ్రిని అడిగి, ఎవరి పేరూ ఎత్తకుండా, ఫోటో గురించి జుమాలో చెప్పాను. నాకు వచ్చిందని, నేను మౌనంగా ఉన్నానని కూడా చెప్పాను. గ్రూపులోనూ అదే వ్రాశాను. ఫోటోను పదిచోట్లకు పంపినవారు దీన్ని కూడా ఆ పదిచోట్లకు పంపాలని కోరాను. కొందరు పంపారు. కొందరు గ్రూపు నుండి తప్పుకున్నారు. మొదట పంపిన మనిషి ఆ తండ్రికి దూరపు బంధువే. ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగితే తలుపు తీయలేదట.

ఆ తండ్రి ఇషా నమాజు తరువాత నా దగ్గర కూర్చున్నారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) సంగతి చెప్పాను. అపనింద పలికినవారిలో మిస్తహ్ ఆయన బంధువు, పేదవాడు, ఆయన ఇచ్చే ఖర్చులతో బ్రతికేవాడు. ఇక ఇవ్వనని అబూబక్ర్ (రజి) ప్రమాణం చేశారు. క్షమించి వదిలేయమని, అల్లాహ్ మిమ్మల్ని క్షమించటం మీకు ఇష్టం కాదా అని ఆయతు అవతరించింది. ఇష్టమేనంటూ ఆయన మళ్ళీ ఇవ్వసాగారు.

ఆయన అంతా విన్నారు. “మౌలానా సాబ్, అబూబక్ర్ గారి కూతురి పవిత్రతకు ఆకాశం నుండి సాక్ష్యం దిగింది. నా కూతురికి మీరందరూ ఉన్నారనుకున్నాను” అన్నారు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు ఫజ్ర్‌కు ఎప్పటిలాగే మొదటి సఫ్‌లో నిలబడ్డారు. ఆ బంధువు ఇంటికి మాత్రం ఇంకా వెళ్ళలేదు. వెళ్ళమని నేను కూడా రెండోసారి అడగలేదు.