యజమానితో సంబంధం: పనిమనిషి

1851 మార్చి 30 రాత్రి స్కాట్లాండులో ఎవరు ఏ ఇంట్లో పడుకున్నారో జనాభా లెక్కల కాగితాలకెక్కింది. ఆ ఏడు కొత్తగా ఒక గడి చేరింది: కుటుంబ యజమానితో సంబంధం. పల్లెటూరి ఎస్టేట్‌లో దొర బంగళా వంతు వచ్చేసరికి వరస ఇంచుమించు అన్నిచోట్లా ఒకటే. ముందు దొర, దొరసాని, పిల్లలు, ఉంటే చుట్టాలు. తర్వాత గవర్నెస్, హౌస్‌కీపర్, వంటమనిషి, బట్టలుతికే మనిషి. అట్టడుగున గిన్నెలు తోమే పిల్ల. ఆమె సంబంధం ‘పనిమనిషి’. తల్లిదండ్రులు ఇంకెక్కడో, ఇంకో కాగితంలో ఉంటారు. లెక్క ప్రకారం ఆ రాత్రికి ఆమె ఎవరి కూతురూ కాదు.

అంతకు పదేళ్ల ముందు, 1841లో, ఆ గడి కూడా లేదు. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును అయిదేళ్ల మెట్టుకు దించి రాయమన్నారు. ఇరవై తొమ్మిదేళ్ల మనిషికి ఇరవై అయిదే!

మనిషంటే తనకంటూ ఒక ఉనికి ఉన్నవాడా, ఎవరికో ఏదో అయినవాడా? తాత్త్వికుల పాత తగవే ఇది. బిషప్పులు లేకుండా పెద్దల సభలతో చర్చి నడుపుకునే స్కాట్లాండు ప్రెస్బిటేరియన్లకు మాత్రం ఇందులో దేవుడికీ వాటా ఉంది. 1647లో వాళ్ల చర్చి సర్వసభ కుటుంబ ప్రార్థనకు ఒక నియమావళిని ఆమోదించింది. ఇంటిపెద్ద పిల్లలతోపాటు నౌకర్లనూ ప్రార్థనకు కూర్చోబెట్టాలి. ఆ పని చెయ్యకపోతే ముందు చాటుగా మందలింపు, తర్వాత చర్చి పెద్దల చీవాట్లు, అప్పటికీ మారకపోతే ప్రభువు బల్లకు దూరం. అంటే ఇంటిపెద్దరికం హోదా మాత్రమే కాదు, పూచీ కూడా. వంటింటి పిల్ల ఆత్మకు కూడా దొరే జవాబు చెప్పుకోవాలి. లెక్కలవాళ్లు పెద్దరికాన్ని ఉంచుకుని పూచీని వదిలేశారు. దొర కుటుంబం లండన్ వెళ్లి ఉంటే, హౌస్‌కీపరే ఒక్కోసారి ఆ ఇంటి యజమానిగా నమోదైపోయేది.

ఆచరణలో ఈ పూచీ అంత తేలికా? చాలామంది దొరలు బిషప్పులుండే ఎపిస్కోపల్ చర్చివాళ్లు, రైతులూ నౌకర్లూ ప్రెస్బిటేరియన్లు. పాస్టర్ను ఎవరు నియమించాలి, దొరా సంఘమా అన్న గొడవలో 1843లో సుమారు 450 మంది పాస్టర్లు ప్రెస్బిటేరియన్ల అధికార చర్చిని విడిచి ఫ్రీ చర్చి పెట్టుకున్నారు. స్ట్రాంషియన్ అనే ఊళ్లో దొర సర్ జేమ్స్ రిడెల్ వాళ్లకు గుడి కట్టుకోను జాగా ఇవ్వనన్నాడు. భూమంతా ఆయనదే, నీళ్లు కాదుగా! 1846లో సూనార్ట్ సముద్రపాయలో ఇనుప చర్చిని తేలించారు. వందమంది ఎక్కితే అంగుళం మునిగేదని చెప్పుకుంటారు.

లెక్కల కాగితంలో ఈ గొడవ ఛాయ కూడా కనబడదు. 1851లోనే చర్చిల హాజరును విడిగా లెక్కించారు గాని, ఎవరి మతం ఏమిటని మనిషి మనిషినీ అడగలేదు. స్కాట్లాండులో ఆ ప్రశ్న 2001లో గాని రాలేదు. అదే విక్టోరియా ఏలుబడిలో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో, తెలుగు జిల్లాలతో సహా, 1871లోనే మతమూ కులమూ రాసుకుపోయారు. సొంత గడ్డమీద ఉన్న మొహమాటం వలస రాజ్యంలో ఎందుకుంటుంది?

నౌకరు తనకంటూ ఉనికి ఉన్న మనిషిగా కనబడే పుస్తకం ఒకటుంది: చర్చి పెద్దల సభ రాసుకున్న మినిట్స్. పెళ్లికాకుండా గర్భవతి అయిన పనిమనిషిని అక్కడికి పిలిపించి, తండ్రి ఎవరో చెప్పమనేవారు. ఆమె చెప్పింది రాసుకునేవారు. ఆ పూట యజమానితో సంబంధం ఎవరికీ అక్కర్లేదు. తప్పుకు ఆమెనే బాధ్యురాలిని చేసి, ఆమె పేరుమీదే మందలించేవారు.